సంచి లేని బొమ్మ

అంత కోపంగా వెళ్ళిపోతున్న మనిషి, ఆగి మరీ ఆ చిరుగు ఎందుకు కుట్టాడో ఇప్పటికీ అంతుపట్టదు.

పోస్టాఫీసు వెనక గదిలో ముప్పైరెండేళ్ళు ఉత్తరాల సంచులకు మాసికలు వేశాడాయన. మైనం పట్టించిన దారం, అరచేతికి తోలుముక్క, చేతిలో దబ్బనం. అందరికీ ఆయన ‘దబ్బనం బాబాయ్’. అసలు పేరు హాజరు పట్టీకి తప్ప ఎవరికీ పట్టలేదు.

ఆయన రిటైరయ్యే వారంలోనే హాల్లో పెద్ద బోర్డు పెడుతున్నారు. పైన ‘మెయిల్’ అని పేరు, కింద ఉత్తరం నడిచొచ్చిన దారంతా బొమ్మల్లో. బాబాయ్ వెళ్ళి చూశాడు. గుర్రం ఉంది, రైలుంది, వ్యానుంది. సంచి మాత్రం లేదు. గుర్రం మీదివాడు ఒకే ఒక్క ఉత్తరాన్ని జెండాలా ఎత్తి పట్టుకున్నాడు.

“వీడు రెండో ఉత్తరం ఎక్కడ పెట్టుకుంటాడయ్యా, నోట్లోనా?” అని పెయింటర్ని అడిగాడు.

“ఆఫీసరుగారిని అడుగు బాబాయ్. చెప్పింది వెయ్యడమే నా పని.”

ఆఫీసరు ఫోన్లోంచి తలెత్తలేదు. “మెయిల్ అంటే ఉత్తరాలు బాబాయ్. సంచిదేముంది, మోసే గుడ్డ.”

ఆ మాట ఇంటిదాకా ముల్లులా గుచ్చుతూనే వచ్చింది. మనవరాలి చేత డిక్షనరీ తీయించాడు. అర్థాలన్నీ వరసగా చదివి, అడుగున చిన్న అక్షరాల దగ్గర ఆ పిల్ల ఆగిపోయింది.

“తాతా! మెయిల్ అంటే మొదట సంచేనట. పాత ఫ్రెంచి మాటట. ఉత్తరాల సంచిని అలా పిలిచీ పిలిచీ, చివరికి లోపలున్న ఉత్తరాలకే ఆ పేరు పట్టిందట!”

“మళ్ళీ చదువమ్మా.”

మూడుసార్లు చదివించుకుని, కాగితం మీద రాయించుకున్నాడు.

మర్నాడు దాన్ని ఆఫీసరు బల్లమీద పెట్టాడు. “చూద్దాంలే” అన్నాడాయన. ఆ మర్నాడు వెళితే కాగితం మీద టీ గ్లాసు కూర్చుని ఉంది. మూడోనాడు ఆఫీసరు విసుక్కున్నాడు.

“పెయింటర్ వెళ్ళిపోయాడు బాబాయ్. ఇంతోటిదానికి రాద్ధాంతమేంటి? రేపు నీ వీడ్కోలు సభకి నవ్వుమొహంతో రా.”

“ఒక్క సంచి సార్. గుర్రం పక్కన, ఇంత.” వేళ్ళతో బెత్తెడు చూపించాడు.

ఫోను మోగింది.

సభలో ఆ బోర్డు ముందే నిలబడి, “బాబాయ్ ఈ ఆఫీసుకి కుడిభుజం” అన్నాడు ఆఫీసరు. చప్పట్లు మోగాయి. వెనక బొమ్మలో జెండాలాంటి ఆ ఉత్తరం ఎత్తింది ఎత్తినట్టే ఉంది. ఫొటోకి కుర్చీలు సర్దుతుంటే బాబాయ్ లేచి వెనక గుమ్మంవైపు నడిచాడు.

అక్కడ వ్యానెక్కబోయే సంచి ఒకటి మూల చిరిగి, కవరు అంచు బయటికి తొంగిచూస్తోంది. గొణుక్కుంటూనే జేబులోంచి దారం, దబ్బనం తీశాడు. ఐదు కుట్లు. దారం పంటితో కొరికాడు.

లోపల్నుంచి “బాబాయ్, ఫొటో!” అని కేకలు. దబ్బనం జేబులో వేసుకుని, గేటు దాటి, వెనక్కి తిరక్కుండా రోడ్డెక్కేశాడు.