చెరువు రాయిలో నూనె

పదకొండో ముక్కని సుత్తితో కొట్టి సంచిలో వేస్తున్నాను, మేడమ్ ఫోన్ పట్టుకుని దాదాపు పరుగున షెడ్డులోకి వచ్చారు.

"మొన్న పంపిన సంచుల లెక్కలు వచ్చాయమ్మాయ్. పంపినవి పైపై రాళ్ళే అయినా వాటిలో నూనె ఉందట."

చాట్రాయి దగ్గర మామిడికాయలు ప్యాక్ చేసే షెడ్డు అది. అందులో సగం, నేలలో నూనె వెతికే మేడమ్ వాళ్ళు అద్దెకి తీసుకుని, చింతలపూడి వైపు బోరు వేసి తీసిన రాతి కడ్డీలు పెట్టెల్లో పేర్చారు. ఆ నల్లరాయి ఎప్పుడో ఒక పెద్ద చెరువు అడుగున పేరుకున్న బురదట. అందులో నాచు కుళ్ళి, రాయై, భూమి వేడికి ఉడికితే నూనె పుడుతుంది. పుట్టినదాంట్లో కొంత రాయిని వదిలి జారిపోతుంది. ఎంత పుట్టింది, ఎంత పోయింది, అదీ మేడమ్ తేల్చాల్సింది. ల్యాబులో రాతిపొడిని మెల్లగా వేడి చేస్తారు. ముందు వచ్చేది అప్పటికే రాయిలో ఉన్న నూనె. బాగా కాలాక వచ్చేది ఇంకా పుట్టాల్సింది. పదో తరగతితో ఆపేసిన నాకు కూడా అర్థమయ్యేలా చెప్పారు. నా పని రాయి పగలగొట్టడం, లోతు రాసిన చీటీ పెట్టి సంచి కట్టడం.

"వింతేంటంటే ఆ రాయి ఇంకా ఉడకనే లేదు. మరి నూనె ఎక్కడిది? కింది రాళ్ళు వదిలిందే పైకి ఎక్కి ఉండాలి. రేపు ఆఫీసుకి వెళ్ళి మా పెద్ద సార్‌తో అదే చెప్తాను," అన్నారు.

నవ్వాను. నవ్వుతూనే నా చేతులు చూసుకున్నాను. మెరుస్తున్నాయి.

సీజన్ కదా, పొద్దున అమ్మతో కాయ కోతకి వెళ్ళి, మధ్యాహ్నం షెడ్డుకి వచ్చేదాన్ని. తొడిమ విరిగితే చిమ్మే సొన పడిందంటే చర్మం కాలిపోతుంది. అందుకే కోతకెళ్ళే ఆడవాళ్ళం మోచేతుల దాకా కొబ్బరినూనె పట్టిస్తాం. ఆ చేతులతోనే రాళ్ళు. మేడమ్ గ్లౌజులు ఇచ్చారు. ఉక్కకి చెమటపట్టి చీటీలు జారిపోతున్నాయని తీసి గూట్లో పడేశాను.

ఇంటికెళ్ళినా కుదురు లేదు. కూర మాడబెట్టాను. వాకిట్లోకీ లోపలికీ తిరిగాను.

"ఏంటే ఆ తిరుగుడు, కాలు కాలిన పిల్లిలాగా?" అంది అమ్మ.

చెప్పేశాను.

"నీ చేతి నూనె చెంచాడు కూడా ఉండదు. దానికే లెక్క మారిపోద్దా?"

"ఆ మిషను రవ్వంత ఉన్నా పట్టేస్తుందంటమ్మా."

"ఊరందరి దగ్గరా గంటలు గంటలు వాగుతావు, ఈ ఒక్కటీ కడుపులో పెట్టుకోలేవా? పని పోద్దే."

పోతుంది. కోతలు అయిపోతే నాకు మిగిలేది ఆ షెడ్డు పనే. కానీ నన్ను కూర్చోబెట్టి అంత ఓపిగ్గా చెప్పిన మనిషి, నా వల్ల పెద్దవాళ్ళ ముందు లేని నూనె ఉందని చెప్తుంది. కంచం పక్కకి నెట్టేశాను.

మర్నాడు పొద్దున కోతకి వెళ్ళలేదు. మేడమ్ ఉండే గదికి నడిచి వెళ్ళేసరికి, ఆవిడ కారులో బ్యాగు పెడుతున్నారు. తలుపు పట్టుకుని ఆపి, "ఆ నూనె కింది రాళ్ళది కాదండీ, నా చేతులది. ప్రతి కడ్డీలో సగమే కొట్టాను, మిగతా సగం పెట్టెల్లోనే ఉంది, ఈసారి గ్లౌజులేసుకుని మళ్ళీ కొడతానండీ," అని ఒక్క గుక్కలో చెప్పేశాను.