షాహిదాబీ చావు నకలు

నూర్‌బీ బూరుగుదూది కొనేటప్పుడు మూట పైపైన చూసేది కాదు. మోచేతి దాకా చెయ్యి దూర్చి, నడిమధ్య నుంచి పిడికెడు దూది లాగి చెంపకు ఆనించుకునేది. తడి తగిలిందా, మూట అక్కడే వదిలి లేచిపోయేది. "ఈ పిల్ల తల్లిపాలు కూడా నీళ్ళు కలిసినాయేమోనని చూసుకునే తాగుంటుంది" అని చిల్లకూరు వైపు దూది అమ్మేవాళ్ళు నవ్వుకునేవాళ్ళు.

ఆ గుణం తల్లి నుంచి వచ్చింది. తల్లి నాగూర్‌బీ దూదేకి పరుపులు కుట్టేది. చుట్టుపక్కల ముసల్మానుల ఇళ్ళలో ఆడమనిషి పోతే శవానికి ఆఖరి స్నానం, గుసులు, పోసేది కూడా ఆమే. పిలుపొచ్చి వెళ్ళిన ఇంట్లో ఆమె ముందుగా నీళ్ళు అడిగేది కాదు. దూదిపింజె ఒకటి తీసి పోయినామె ముక్కు దగ్గర పట్టుకునేది. ఇంటిల్లిపాదీ గుండెలు బాదుకుంటున్నా ఆమె చూపు పింజె మీదే. "డాక్టరు చెప్పినాడు గదమ్మా" అని ఎవరైనా అంటే, "ఆయన చెప్పింది నువ్వు విన్నావు. దూది చెప్పేది నన్ను విననీ" అనేది.

నూర్‌బీ ఐదో తరగతిలో ఉండగా తండ్రి పోయినాడు. బడి ఆగిపోయి దూదేకే విల్లు చేతికొచ్చింది. మనిషి నోరు విప్పేది తక్కువ. ఎవరైనా వస్తే తలుపు చాటున నిలబడి, వాళ్ళ మాటల కన్నా వాళ్ళ చేతుల్ని ఎక్కువగా చూసేది.

పంతొమ్మిది వందల యాభై తొమ్మిదిలో ఆమెకు మౌలా సంబంధం వచ్చింది. మౌలా బిట్రగుంటలో రైల్వే క్వార్టర్ల వాళ్ళకు పరుపులు కుట్టేవాడు. సొంతూరు దొరవారిసత్రం అవతల, పులికాట్ సరస్సు ఒడ్డున. మొదటి భార్య షాహిదాబీ చనిపోయిందన్నారు. పెళ్ళిచూపుల నాడు వసారాలో మౌలా "జరం వచ్చి పోయింది" అన్నాడు. అదే పూట వంటింట్లో అతని చెల్లెలు "కడుపునొప్పితో పోయింది పాపం" అన్నది. తలుపు చాటున ఉన్న నూర్‌బీ రెండూ విన్నది.

వచ్చినవాళ్ళు వెళ్ళిపోయాక మేనమామ సైదులును అడిగింది. "మామా, ఆమె చనిపోయినట్టు కాయితం ఉంటుంది గదా?"

సైదులు బీడీ నోట్లోంచి తీశాడు. "ఏం కాయితం?"

"చావుపుట్టుకలు మునసబు రాస్తాడంట. బళ్ళో చెప్పినారు."

"ఏందిమే, మొగుణ్ణి చూసుకుంటున్నావా, భూమి కొంటున్నావా?"

"భూమికైతే నువ్వే పొయ్యి చూసేవాడివి గదా."

సైదులు గట్టిగా నవ్వినాడు గానీ నాగూర్‌బీ నవ్వలేదు. "మన దాంట్లో రెండో పెళ్ళి తప్పేం కాదు. పెళ్ళాం బతికుంటే బతికుందని చెప్పొచ్చు. దాచడమెందుకు?" అన్నది.

"దాచినారని ఎవరన్నారక్కా?"

"ఆమె ఎట్లా పోయిందో తెలియకుండా, ఆమె పడుకున్న చోట నేనెట్ట పడుకునేది మామా?" అని నూర్‌బీ లోపలికి వెళ్ళిపోయింది. సైదులు బీడీ ఆర్పి, బస్సు ఎన్నింటికో కనుక్కోవడానికి లేచాడు.

మేనమామా మేనకోడలూ సరస్సు ఒడ్డున ఉన్న ఆ ఊరికి వెళ్ళారు. మునసబు అరుగు మీద తమలపాకులు తుడుచుకుంటున్నాడు. ఆ ఏటి పుస్తకం తాలూకా ఆఫీసుకు పోయిందనీ, అక్కడ అర్జీ పెట్టుకుంటే నకలు ఇస్తారనీ చెప్పాడు.

"తమరు శవాన్ని చూసినారా అయ్యా?" అని నూర్‌బీ అడిగింది.

"చచ్చినవాళ్ళందరినీ చూస్తూ కూర్చుంటే ఊరి శిస్తు నువ్వొచ్చి వసూలు చేస్తావా? వెట్టివాడో, ఇంటివాళ్ళో వచ్చి చెప్తారు. నేను రాస్తాను."

తాలూకా ఆఫీసులో గుమస్తా విజయభాస్కర్ అర్జీ చదివి తలెత్తాడు. "స్టాంపు సరే. చనిపోయినామెకు నువ్వేమవుతావు? అది రాయలేదే."

సైదులు ముందుకొచ్చాడు. "రాసుకోండయ్యా. ఆమె బతికుంటే ఈ పిల్లకు సవతి, చచ్చుంటే ఏమీ కాదు."

ఆఫీసంతా నవ్వింది. నూర్‌బీ కొంగు తల మీదికి లాక్కున్నది. గుమస్తా కూడా నవ్వుతూనే "బంధువు" అని రాసుకున్నాడు. పాత పుస్తకాల గది తాళం ఉన్నాయన సెలవులో ఉన్నాడని ఒకసారి, ఆ ఊరి కట్ట దొరకలేదని ఇంకోసారి తిప్పారు. చివరికి నకలు చేతికొచ్చింది.

ఆఫీసు మెట్ల మీద కూర్చుని ఆమె పైకి చదివింది. షాహిదాబీ, మౌలా భార్య, ఇరవై మూడేళ్ళు. అదే ఊళ్ళో, జ్వరంతో. చావు తెలిపినవారు: భర్త.

"మూటలో తడి తగిలిందా?" అన్నాడు సైదులు.

"చెప్పింది ఆయనే మామా."

"మొగుడు చెప్పక ఊళ్ళో దండోరా వేసేవాడు చెప్తాడా? ఇంక పద."

నాగూర్‌బీ ముహూర్తం మాట ఎత్తేసరికి నూర్‌బీ దూది ఏకుతూ ఉంది. విల్లు ఆపింది. "అమ్మా, ఆ సరస్సు పక్క ఊళ్ళలో ఆడవాళ్ళకు గుసులు ఎవరు పోస్తారు?"

"మస్తాన్‌బీ. ఆ పక్కంతా ఆమే..." అంటూ నాగూర్‌బీ కూతురి ముఖంలోకి చూసింది. ఇన్నాళ్ళూ ఆ మాట తనకెందుకు తట్టలేదా అనుకున్నది. ఆడమనిషి పోతే కడిగిన చేతులు ఒక జత ఉండి తీరాలి.

తల్లీకూతుళ్ళు వెళ్ళేసరికి మస్తాన్‌బీ చేటలో బియ్యం ఏరుకుంటూ ఉంది. ముసలిదైపోయినా చూపు గట్టిది.

"మౌలా పెళ్ళామా? నన్ను పిలవలా."

"వేరే ఎవరన్నా పోసినారేమో అవ్వా."

"నేనుండగా వేరే ఎవరొస్తారే? పిల్ల కనపడక నేనే మౌలా వాళ్ళమ్మను అడిగినా. పుట్టింటికి పోయిందనింది. కొన్నాళ్ళకి మళ్ళీ అడిగితే, అక్కడే పోయింది అనింది."

"పుస్తకంలో ఈ ఊళ్ళోనే పోయినట్టుంది."

"పుస్తకంలో పోయిందేమో. నా చేతుల మీద పోలా."

తల్లీకూతుళ్ళు బస్సెక్కారు. ఊరు దగ్గరకొచ్చాక నాగూర్‌బీ కూతురి చెవి దగ్గర నోరు పెట్టి, "ఏం చేసినారో ఆ పిల్లను. పక్కనే అంత నీళ్ళు" అన్నది. సంబంధం వద్దని కబురు పెడదామనుకున్నారు.

కబురు పోకముందే మౌలా వచ్చాడు. మస్తాన్‌బీని ఎవరో వచ్చి అడిగిపోయారనీ, చావు నకలు కూడా తీసుకున్నారనీ అతనికి తెలిసింది. అరుగు మీద కూర్చున్నాడు. నాగూర్‌బీ మంచినీళ్ళు ఇవ్వలేదు. నూర్‌బీ మొదటిసారి తలుపు చాటు నుంచి బయటికొచ్చి నిలబడింది.

"షాహిదాబీకి గుసులు పోసింది ఎవరు?"

మౌలా పంచెకు అంటుకున్న దూది గిల్లాడు. "ఎవరూ పోయలా."

"ఎందుకు?"

"బతికుంది గనక."

నాగూర్‌బీ "అయితే పోయిందని ఎందుకు రాయించినావు?" అన్నది.

"బొంత కుడతా ఉండింది" అన్నాడు మౌలా. "బొంత మీద రక్తం కనపడింది. ఏందని అడిగితే అప్పుడు చూసుకుంది. సూది వేలిలోకి సగం దిగుంది. ఆమెకు తెలియనే తెలియలా. చెయ్యంతా మొద్దుబారిపొయ్యింది అత్తా. పెద్దరోగం, కుష్టు. ఇద్దరు చెల్లెళ్ళు పెళ్ళికున్నారు. బయటికి పొక్కితే వాళ్ళ మొహం ఎవరు చూస్తారని మా అమ్మ ఏడ్చింది. రైలెక్కించి ఆసుపత్రిలో చేర్చినా. మునసబుతో పోయిందని చెప్పినా. ఆయన రాసుకున్నాడు. చలి రాకముందు ఏటా ఒక బొంత తీసుకుపోతా."

సైదులు వింటే ఇక్కడితో కరిగిపోయేవాడు. నూర్‌బీ అతని చేతుల్నే చూస్తూ ఉంది. "ఇది కూడా నువ్వు చెప్పేదే గదా. ఆమెను చూపించు" అన్నది.

ముగ్గురూ రైలెక్కారు. ఆసుపత్రి సరుగుడు చెట్ల మధ్య ఉంది. నూర్‌బీ మౌలాను గేటు బయటే ఉండమని తల్లితో లోపలికి వెళ్ళింది. వరండాలో కట్లు కట్టిన చేతులు ఒళ్ళో పెట్టుకుని ఒకామె కూర్చుని ఉంది. ఆమె భుజాల మీద బొంత ఉంది. దాని అంచు కుట్టు నూర్‌బీకి అంత దూరం నుంచే తెలిసింది. మౌలా పెళ్ళిచూపులకు తెచ్చిన దిండు మీద ఉన్నదీ అదే కుట్టు.

"ఆయన ఉత్తరం రాసినాడు. కాయితం అడిగిన పిల్లవి నువ్వేనా?" అన్నది ఆమె.

"నేనే అక్కా."

"అందులో నేను దేనితో పోయినా?"

"జరంతో."

షాహిదాబీ నవ్వింది. "నయమే. మా ఆడబిడ్డ కడుపునొప్పి అని చెప్పుకుంటా ఉందంట."

"నిన్ను బలవంతాన తెచ్చినారా? ఆయన లేడు, నిజం చెప్పక్కా."

"రాయించమన్నది నేనే. ఆ పిల్లల బతుకులు చెడిపోతాయని. కానీ రాయించొచ్చినానని ఆయన చెప్పిన పూట అన్నం తినలేకపొయినా." కట్లు కట్టిన చెయ్యెత్తి గేటు వైపు చూపిస్తూ, "మనిషి మెత్తనోడు. నువ్వొచ్చినాక ఆయన్ని ఇక్కడికి రానియ్యకుండా చెయ్యబోకు. ఆ ఒక్కటే" అన్నది.

నూర్‌బీ లేచేటప్పుడు ఆమె భుజం మీద జారిన బొంతను సర్దింది. గేటు దగ్గర మౌలాతో, "వచ్చే ఏడు బొంత నేను కుడతా. నేనే తెస్తా. తేవద్దన్న రోజున మా ఇంటికి వెళ్ళిపోతా" అన్నది. అదే ఆమె ఒప్పుకోలు. అరవైలో పెళ్ళయింది.

బిట్రగుంటలో కూడా ఆమె మారలేదు. మౌలా ఆలస్యంగా వస్తే చొక్కా జేబు చూసేది, అతను చెప్పిన ఊరి టిక్కెట్టేనా అని. అత్తగారు తియ్యగా మాట్లాడితే ఆ రోజంతా జాగ్రత్తగా ఉండేది. ఏటా చలికి ముందు మాత్రం ఇద్దరూ కలిసి రైలెక్కేవాళ్ళు. అత్తగారికి సంత అని చెప్పేవాళ్ళు. జీవితంలో నూర్‌బీ తెలిసి ఆడిన అబద్ధం అదొక్కటే.

అరవై ఆరులో ఆసుపత్రి నుంచి కబురొచ్చింది. వాళ్ళు చేరేసరికి షాహిదాబీ మీద దుప్పటి కప్పి ఉంది. వార్డులో పనిచేసే క్రీస్తురాజు వచ్చి, "ఇక్కడ పోయినవాళ్ళను మేమే పూడ్చేస్తామమ్మా. ఇంటివాళ్ళు ముట్టుకోరు" అన్నాడు. తర్వాత, "చావు రాయిస్తాం. మీకు నకలు కావాలంటే అర్జీ పెట్టుకోండి" అన్నాడు.

"వద్దన్నా. మా పెట్టెలో ఉంది."

అతనికి అర్థం కాలేదు. మౌలా గోడ వైపు తిరిగి నిలబడ్డాడు.

నూర్‌బీ దుప్పటి తీసింది. కొంగు ముడిలోంచి దూదిపింజె ఒకటి తీసి, పలచగా విడదీసి, షాహిదాబీ ముక్కు దగ్గర పట్టుకుంది. గాలి తగలకుండా క్రీస్తురాజును కిటికీ మూయమన్నది. పింజె వైపే చాలాసేపు చూసింది. చెయ్యి నొప్పెడితే రెండో చేత్తో పట్టుకుని మళ్ళీ చూసింది.

అప్పుడు నీళ్ళు కాచమన్నది.