మూడో అభ్యర్థి కోసం వఫ్రా దాకా

శుక్రవారం పొద్దున్న ఆరింటికి కువైట్‌లో, రిగ్గైలోని గది నుంచి బయలుదేరాను. సంచిలో తువ్వాలు చుట్టిన టేప్ రికార్డరు, ఒక ఖాళీ క్యాసెట్టు. ఎనభయ్యో దశకం మొదట్లో మాట ఇది. కోనసీమలోని మా ఊరి పంచాయతీ ప్రెసిడెంటు ఎన్నికలో మా అన్నయ్య నిలబడ్డాడు. పాత ప్రెసిడెంటుతో ముఖాముఖీ అయితే గెలుపు మాదే. కానీ మా పేట నుంచే వీర్రాజు తమ్ముడు కూడా నామినేషన్ వేశాడు. వీర్రాజు వఫ్రా తోటల్లో పని చేస్తాడు. అతను చెబితే తమ్ముడు తప్పుకుంటాడని అన్నయ్య ఉత్తరం రాశాడు. ఆదివారం ఊరికి వెళ్తున్న మా వర్క్‌షాపు మనిషి చేతిలో క్యాసెట్టు పెట్టాలి. నాకున్నది ఈ ఒక్క సెలవు రోజే.

రెండు బస్సులు మారి ఎనిమిదింటికి ఫహాహీల్‌లో దిగాను. అక్కడ వఫ్రా బస్సు కోసం కూర్చుంటే పుణ్యకాలం కాస్తా గడిచిపోతుంది. కూరగాయలకు వెళ్లే వ్యానును బతిమాలుకోవడమే మేలు. నాకు దొరికింది రాయచోటి మస్తాన్ వ్యాను. సంగతి వినగానే నవ్వాడు.

"మూడోవాడు యాడైనా గెలుస్తాడాప్పా? ఎవురు ఓడాల్నో వాడు తేలుస్తాడు, అంతే. పోయినేడు అమెరికాలో గూడా మూడో ఆయన నిలబన్యాడు గదా. ఎవురి ఓట్లు చీల్చినాడో అని రేడియోలో ఒగటే వాదులాట!"

దిగేటప్పుడు హెచ్చరించాడు. "మూడింటికి రోడ్డు మీద ఉండు. దాటితే ఖలాస్, నేను పోతా."

తొమ్మిదిన్నరకు టమాటా పందిళ్ల మధ్య వీర్రాజు ఎదురొచ్చాడు. "ఏరా సూరిబాబూ! ఇంత దూరం వచ్చేవేంట్రా!" అంటూ వాటేసుకున్నాడు. మూడేళ్లుగా ఊరి మొహం చూడని మనిషి. అతని పని అయ్యేసరికి పన్నెండు దాటింది. నీళ్లు పెట్టిన మడి పక్కన కూర్చుని అన్నం, వంకాయ కూర తిన్నాం. ఆ తడి మట్టి వాసనకు నాకు ఇల్లు గుర్తొచ్చింది.

"తప్పుకోమనే చెప్తాన్రా. ఆడు గెలవడు గానీ మీ అన్న కొంప ముంచుతాడు" అన్నాడు వీర్రాజు.

ఇక్కణ్ణించి క్యాసెట్టు వెళ్లిందంటే పేటంతా కూర్చుని వింటుంది. పెద్దల దగ్గర మొదలుపెట్టి ఇంటింటినీ పేరుపెట్టి పలకరించాలి. ఒక్క పేరు మరిచినా ఏడాదంతా అలకలే. వీర్రాజు అలాగే మొదలుపెట్టాడు. ఒక వైపు అయిపోయింది, తిప్పి పెట్టాను. అసలు సంగతికి రమ్మని సైగ చేద్దామనుకున్నాను. అంతలో "మీ గుమ్మంలో కనకాంబరాలు ఇంకా పూత్తన్నాయా పిన్నీ?" అన్నాడు. నేనూ ఆ గుమ్మంలోకి వెళ్లిపోయాను. ఆఖర్న కూతురి వంతు. అతను ఇక్కడికొచ్చాక పుట్టిన పిల్ల. "అమ్మా బుజ్జీ, నేనేనే, నీ నాన్నని" అనేసరికి టక్కున మీట లేచింది. టేపు అయిపోయింది. తమ్ముడి ఊసే రాలేదు.

అప్పటికి రెండున్నర. "పోనీ చీటీ రాసివ్వు వీర్రాజన్నా."

"నాకు రాతెక్కడొచ్చు? నువ్వు రాత్తే ఆడు నమ్మడు. ఎనక్కి తిప్పి కొంచెం చెరిపెయ్, దాని మీద చెప్పేత్తాను."

"ఎవర్ని చెరపమంటావు?"

వేళ్ల మీద ఇళ్లన్నీ లెక్కపెట్టుకున్నాడు. ఒక్క ఇంటినీ వదులుకోలేకపోయాడు. చివరికి తల వంచుకుని, "పిల్లది తీసెయ్‌రా. దానికేం తెలుత్తాది" అన్నాడు.

వెనక్కి తిప్పాను. మీట మీద వేలు పెట్టాను. నొక్కలేకపోయాను. క్యాసెట్టు తీసి జేబులో వేసుకున్నాను.

మూడింటికి వ్యానెక్కాను. "పనయిందాప్పా?" అన్నాడు మస్తాన్. అయిందన్నాను. అన్నయ్యకు ద్రోహం చేశానని దారంతా మనసు పీకుతూనే ఉంది. అంతకన్నా జేబులోని ఆ క్యాసెట్టు మీద అసూయ ఎక్కువైంది. అది ఎల్లుండి ఊరికి బయలుదేరుతుంది. నేనెప్పుడో తెలియదు.

నెల తర్వాత అన్నయ్య ఉత్తరం వచ్చింది. తొమ్మిది ఓట్లతో ఓడిపోయాడు. వీర్రాజు తమ్ముడికి వచ్చినవి పద్దెనిమిది. నన్ను తిట్టవలసినవన్నీ తిట్టి, అడుగున ఒక ముక్క రాశాడు: "పేటలో టేప్ రికార్డరు మనింట్లోనే కదా. వీర్రాజు కూతురు రోజూ వచ్చి ఆ చివరి మాటే పెట్టమంటోంది. పెడుతున్నాను."