అరకు బండి ఎక్కే ముందు

విశాఖపట్నంలో సముద్రం చూశాక, కొండల మీది అరకుకు వెళ్లే రైలు కోసం వెయిటింగ్ రూంలో కూర్చున్నాం. అమ్మ ఉన్నట్టుండి, "సొరంగాలల్ల పోయే బండి నేనెక్క. మీరు పోయిరాండ్రి" అంది. నేను కంచన్‌బాగ్ ల్యాబులో ఇంజనీరును. పట్టాల వాలు, బ్రేకులు, సొరంగం పైకప్పు వరుసగా వివరించాను. అమ్మ కదల్లేదు.

పక్క బెంచీ మీది బురఖా పెద్దమ్మ నవ్వింది. "మా దిక్కు మాటనే గదా మీది? మాది పాతబస్తీల హుస్సేనీ ఆలం. ఫికర్ చెయ్యకు బహెన్." ఆమె రుమాలు అంచు చింపి, అందులో నాణెం చుట్టి అమ్మ కుడి జబ్బకు కట్టింది. "ఇమామ్ జామిన్. పయనంల ఏం గాకుంట కాపాడుతది. మంచిగ చేరినంక గరీబుకియ్యి."

అమ్మ లేచి రైలెక్కింది.

అరకులో దిగగానే ఒక ముసలాయన చేయి చాపాడు. నేను అమ్మ జబ్బ వైపు చూశాను.

"ఇప్పుడే ఎట్లిస్త రా? మల్ల కొండ దిగాలె గద!" అంది అమ్మ.

నా జేబులోంచి వేరే నాణెం తీసి ఆయనకిచ్చాను.