పిట్టకు పెట్టిన పప్పు

నేనొకసారి చచ్చిపోయిన మనిషి అన్నం తినేశాను. ఆయనెవరో నాకు తెలియదు, ఆయన పోయిన సంగతీ తెలియదు. ఈ రెండు ముక్కలూ కర్ర పట్టుకున్న ఆయన కొడుక్కి వివరించేసరికి నా పైప్రాణాలు పైనే పోయాయి. ఎలా జరిగిందో చెబుతాను, నవ్వుకోండి. నాకు అలవాటైపోయింది.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన కొత్తలో నేను తాండూరులో ఒక కందుల సేటు దగ్గర గుమాస్తాను. అమ్మ వికారాబాదులో, నేను అద్దెగదిలో. కందుల కాలమొస్తే తెల్లారకముందే దుకాణం, చీకటి పడ్డాక గది. గదిలో స్టవ్వు ఉండేది గాని వెలిగించే ఓపిక ఉండేది కాదు. పొద్దున చాయ్, సాయంత్రం మిరపకాయ బజ్జీ. రోజంతా కందుల బస్తాల మధ్యే తిరుగుతూ పప్పు మొహం చూసి నెల దాటింది. అంగట్లో అన్నీ ఉన్నాయి, గుమాస్తా నోట్లో శని ఉంది.

ఆ నెలంతా నాకు అమ్మ కంటే అమ్మ చేసే పప్పే ఎక్కువ గుర్తొచ్చేదని సిగ్గు విడిచి ఒప్పుకుంటున్నాను. చింతకాయ వేసి మెత్తగా ఎనిపి, ఎల్లిపాయ పోపు పెట్టిన పప్పు, పక్కన వేడి జొన్నరొట్టె. కాంటా ముందు నిలబడి కళ్ళు మూసుకుంటే చాలు, పోపు చిటపటలాడేది.

"ఏమయ్యా, నిద్రనా?" అని సేటు అరిచేవాడు.

"లేదు సేట్, కండ్ల దుమ్ము పడ్డది" అనేవాణ్ణి.

ఒకరోజు సరుకు చూసి రమ్మని సేటు నన్ను బొంరాస్‌పేట వైపు ఒక ఊరికి పంపాడు. బస్సు దిగి చేల మధ్య కాలిబాట పట్టాను. చలికాలపు ఎండ, పల్చగా, హాయిగా ఉంది. ఎండిన కందికాయలు గాలికి గలగలమంటున్నాయి. పొద్దుటినుంచి తిండి లేదు. నడుస్తున్నానో తేలుతున్నానో తెలియని స్థితిలో ఎల్లిపాయ పోపు వాసన తగిలింది. రోజూ వచ్చే కలేలే అనుకున్నాను. నాలుగడుగులు వేస్తే గట్టు మీద ఒక నాపరాయి, దాని మీద మోదుగాకుల విస్తరి. విస్తరిలో జొన్నరొట్టె, చింతకాయ పప్పు, పెరుగు!

చుట్టూ మనిషన్నవాడు లేడు. పక్కన ఒక బీడీకట్ట, అగ్గిపెట్టె కూడా ఉన్నాయి. ఏ ఇల్లాలైనా పప్పు పక్కన బీడీకట్ట వడ్డిస్తుందా? ఆ ప్రశ్న మీకు తట్టింది. గాడిదకైనా తట్టేది. నేను మాత్రం "ఈ ఊరివాళ్ళు ఎంత మర్యాదస్తులు!" అనుకుని కూర్చున్నాను. ఆకలి రుచెరుగదంటారు. ఆకు ఎవరిదో కూడా ఎరగదు.

మొదటి ముద్దకే కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "గిసొంటి పప్పు తిని ఎన్ని దినాలాయె!" అని పైకే అన్నాను. విస్తరి నాకినంత పని చేశాను. నాకు అలవాటు లేకపోయినా, పెట్టినవాళ్ళ మనసు నొప్పించడమెందుకని ఒక బీడీ కూడా వెలిగించాను.

అంతే, పక్కనున్న కందికట్టెల కుప్ప వెనకనుంచి పదిమంది ఒక్కసారిగా లేచారు. ముందు గొంగడి కప్పుకున్న గొర్రెలకాపరి, చేతిలో కర్ర.

"ఎవడ్రా నువ్వు? మా నాయినకు పెట్టింది తిన్నవా?"

"మీ నాయిన... ఇంక రాలేదా?" అన్నాను దగ్గుతూ.

"సచ్చి మూడొద్దులాయె! పిట్టకు పెట్టి పొద్దుగాలకెల్లి దాక్కొని చూస్తున్నం. ఒక్క కాకి వాలలే. ఆకలికి జర కన్నంటుకునేసరికి నువ్వు వాలినవు!"

పోయినవాళ్ళకు ఇష్టమైనవన్నీ పెట్టి, కాకి ముట్టేదాకా ఇంటిల్లిపాదీ పస్తుండడం మా ఇంట్లోనూ ఉంది. చిన్నప్పుడు నేనూ అలా గోడ వెనక దాక్కున్నవాణ్ణే. అన్నీ తెలిసి, వాసన తగలగానే బుర్ర దుకాణం కట్టేసింది.

కర్ర పైకి లేచింది. "ఆగు కొడుకా!" అంటూ ఒక ముసలమ్మ అడ్డొచ్చింది. పోయినాయన భార్య. నీరసంతో నిలబడలేక నా ఎదుటే కూలబడింది.

"ఆ దినం రాత్రి పప్పు చెయ్యవే అన్నడు. కందులు కొట్టే పనిల నాకు తీరలే. రేపు చేస్తతీయ్ అన్న. తెల్లారేసరికి మనిషి లేడు. గందుకే అలిగిండు. గందుకే పిట్ట వస్తలేదు."

మొగుణ్ణి క్షమించమని అడుగుతూ ఆమె వండిన పప్పును నేను మింగి కూర్చున్నాను.

"కాళ్ళు మొక్కుత అవ్వా, తప్పయింది."

"తప్పు సంగతి తర్వాత. పప్పు ఎట్లున్నది? నిజం చెప్పు."

బుద్ధున్నవాడెవడైనా అమృతం అనేవాడు. నిజం చెప్పమంది కదా అని నేను, "మస్తుగున్నది అవ్వా. జర... ఉప్పు తక్కువైంది" అన్నాను.

కొడుకు చేతిలో కర్ర జారిపడింది. అందరూ నా మొహమే చూస్తున్నారు. ముసలమ్మ కొంగు నోటికడ్డం పెట్టుకుని ఏడుస్తూ ఏడుస్తూనే నవ్వింది.

"లగ్గమైనకాంచి రోజు గదే మాట! గిన్నె ఖాళీ చేస్తడు, ఉప్పు తక్కువంటడు. వచ్చిండు కొడుకా, మీ నాయిన వచ్చిండు. తిన్నడు, వంక పెట్టిండు, బీడీ తాగిండు. నాకింక ఫికర్ లేదు. అందరికీ విస్తర్లు వెయ్యుండ్రి!"

ఆమె నన్ను పక్కనే కూర్చోబెట్టుకుని తాను తింటూ నాకు మళ్ళీ వడ్డించింది. సేటు చూసిరమ్మన్న సరుకు సంగతి తాండూరు చేరేదాకా నాకు గుర్తే లేదు.

పెళ్ళయ్యాక ఈ కథ మా ఆవిడకు చెప్పడం నా రెండో పొరపాటు. ఒకనాడు పప్పులో ఉప్పు తక్కువైందంటే, "ఇప్పుడు మాట్లాడేది మీరేనా, ఆయనా?" అని వంటింట్లోంచే అడిగింది.

అందుచేత పెద్దల సాక్షిగా, పిట్టల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇక జన్మలో ఉప్పు మాట ఎత్తను. దిక్కులేని విస్తరి ఎక్కడ కనిపించినా ఆశపడను. ముందు కుప్ప వెనక్కి వెళ్ళి ఎవరైనా దాక్కున్నారేమో చూసుకుని, ఆ తర్వాతే కూర్చుంటాను.