గిన్నె బోర్లించే చోటు

ఆ రోజుల్లో అని మొదలుపెడితే మీరు నన్ను నెరిసిన జుట్టుతో ఊహించుకుంటారేమో, అంత వెనక్కి వెళ్ళనక్కర్లేదు. చేతిలో ఫోను, ఫోనులో నెట్టు, నెట్టులో సమస్తమూ ఉన్న రోజులే అవి. నాకు బుద్ధి ఒక్కటే ఇంకా రావలసి ఉండింది. మా ఇందుకూరుపేట వైపు చాలా ఇళ్ళలో పాలు పోయించుకునే పద్ధతి ఒకటుంది. కడిగిన గిన్నె అరుగు మీద పెడతాం. తెల్లారగానే పాలాయన వచ్చి పోసి, మూత పెట్టి వెళ్ళిపోతాడు. మనం ఊరికి పోతున్నా, నిన్నటి పాలు మిగిలినా, ఆయన నీళ్ళు మరీ ఎక్కువ కలుపుతున్నాడని కోపం వచ్చినా, గిన్నె బోర్లిస్తే చాలు. ఆయన చూసి సైకిలెక్కి పోతాడు. ఎందుకని అడగడు. వెళ్ళొద్దని బతిమాలడు. ఈ పద్ధతిలో పుట్టి పెరిగినదాన్ని కాబట్టి, లోకంలో రోజూ వచ్చేది ఏదైనా గిన్నె బోర్లిస్తే ఆగిపోతుందని గట్టిగా నమ్మేదాన్ని. నా కష్టాలన్నీ ఆ నమ్మకం దగ్గరే మొదలయ్యాయి.

ఇంటర్ తర్వాత చదువు ఆగిపోయి (నేను లెక్కలను, లెక్కలు నన్ను భరించలేకపోయాం) మైపాడు దారిలో రొయ్యల షెడ్డులో పనికి చేరాను. గుంటల నుంచి ఐసులో వచ్చిన రొయ్యలకు తలలు తీయడం మా పని. పొడుగాటి బల్లకు అటూ ఇటూ నిలబడి, తీసినవి ఎవరి టబ్బులో వాళ్ళు వేసుకుంటాం, టబ్బు బరువును బట్టి కూలి. ఈ పనిలో చేతులకు ఒక్క క్షణం తీరిక ఉండదు, చెవులకు మాత్రం రోజంతా సెలవు. ఆ ఖాళీ చెవులను మా మేస్త్రి ఆక్రమించుకున్నాడు. ఆయన దగ్గరొక స్పీకరు డబ్బా ఉండేది. అందులో ఎప్పుడూ అవే పాటలు, అదే వరసలో. అందుకే అందరూ ఆయన్ని పాటల మేస్త్రి అనేవాళ్ళు.

నాకు లైబ్రరీ పాప అని పేరు. అది ఊరికే రాలేదు. మా శాఖా గ్రంథాలయాన్ని నేను తలుపు వైపు బీరువా నుంచి మొదలుపెట్టి వరసగా చదువుకుంటూ వచ్చాను. (వ్యవసాయం, హోమియో వైద్యం తలుపు దగ్గరుండేవి కాబట్టి ఆ రెండింటిలో నేను ఇప్పటికీ గట్టిదాన్ని. ఖగోళం చివరి కిటికీ దగ్గర ఉంది. దానికి ఇంకా చేరుకోలేదు.) మధ్యాహ్నం అన్నాల దగ్గర నేను చదివిన కథలు చెబితే అందరూ వినేవాళ్ళు. నా పక్కన నిలబడే మైపాడు పెద్దమ్మ, ఆదివారం చర్చిలో కీర్తనలు పాడే చర్చి అక్క, ఇద్దరూ నాకు ముఖ్యమైన శ్రోతలు. కథ బాగుంటే పెద్దమ్మ తన డబ్బాలోని చేప ముక్క నా అన్నంలో వేసేది. బాగాలేకపోతే ముక్క ఆమె నోట్లోకే పోయేది.

అలాంటి సమయంలో ఫోనులోకి పుస్తకాలు చదివి వినిపించే యాప్ ఒకటి వచ్చింది. మొదటి నెల ఉచితం అన్నారు, తర్వాత నెలనెలా చందా దానంతట అదే కట్ అవుతుందన్నారు. దానంతట అదే అన్న మాట అప్పుడు నాకెంత ముద్దుగా వినిపించిందో చెప్పలేను. ఫోనును ప్లాస్టిక్ కవరులో చుట్టి బల్ల పైన మేకుకు తగిలించి, మేస్త్రిని బతిమాలి ఆయన స్పీకరుకు కలిపాను. ఆ రోజు నుంచి షెడ్డులో పాటలు పోయి కథలు వచ్చాయి. గర్వం తలకెక్కితే మనిషి చేసే మొదటి పని పాత స్నేహితుల దగ్గరికి వెళ్ళి దాన్ని చూపించుకోవడం. నేను గ్రంథాలయానికి వెళ్ళి, తీసుకున్న పుస్తకాలు ఇచ్చేసి, లైబ్రరీ సారుతో "ఇంక మీ బీరువాలతో పని లేదు సార్, లక్ష పుస్తకాలు నా ఫోనులోనే ఉన్నాయి" అన్నాను. ఆయన కళ్ళద్దాలు తుడుచుకుంటూ "మంచిదమ్మా, అన్నీ చదివెయ్" అన్నారు. అందులో వెటకారం ఉందని అర్థం కావడానికి నాకు చాలా కాలం పట్టింది.

ఉచిత నెల దాటి, చందా కట్ అవడం మొదలైన రోజుల్లో మేము వింటున్నది ఒక పాత అపరాధ పరిశోధన నవల. అందులో నాయికను దుర్మార్గులు సముద్రం ఒడ్డున ఒక ఉప్పు గోదాములో పెట్టి తాళం వేస్తారు. సముద్రం పోటెక్కి నీళ్ళు లోపలికి వస్తాయి. మోకాళ్ళ దాకా, నడుము దాకా, చివరికి మెడ దాకా. సరిగ్గా అక్కడ స్పీకరు ఆగిపోయింది. ఫోను చూస్తే, ఈ పుస్తకంలో మిగిలిన భాగాలు బంగారు చందాదారులకు మాత్రమే అని రాసి ఉంది. అంటే నేను కట్టేది వెండో రాగో అన్నమాట. ముగింపు కావాలంటే ఇంకో మెట్టు ఎక్కాలి.

"ఏంది పాపా, ఆపేసినావు?" అంది పెద్దమ్మ.

"నేనాపలేదు పెద్దమ్మా, వాళ్ళే ఆపినారు. ఇంకా డబ్బులు కట్టమంటుండారు."

"మెడ దాకా నీళ్ళొచ్చినాక బేరమాడతారా? మనుషులేనా వాళ్ళు?"

అందరూ తలా కొంచెం వేసుకుంటామన్నారు. నాకు రోషం వచ్చి వద్దన్నాను. ఒకసారి కట్టించుకున్నవాళ్ళు మధ్య దారిలో మళ్ళీ చేయి చాపితే ఇవ్వకూడదని నా పట్టుదల. పాటల మేస్త్రి మాత్రం లోలోపల సంతోషించి, "శనివారం దాకా చూస్తా. ఆలోగా ఆ పిల్లని నీళ్ళలోంచి తీసినావా సరి. లేదంటే స్పీకరు నాది, పాటలు నావి. అన్నాల కాడ కూడా ఇంక కథల్లేవు, పాటలే" అన్నాడు. అంటే పోయేది స్పీకరు ఒక్కటే కాదు, లైబ్రరీ పాప అన్న నా పేరు కూడా. ఆ షెడ్డులో తల ఎత్తుకుని నిలబడడానికి నాకున్నది ఆ పేరొక్కటే.

ముందు చందా మానేద్దామని కూర్చున్నాను. యాప్‌లో చేరడానికి ఎర్రటి బటను ఇంత పెద్దది ఉంది. మానేయడానికి ఎక్కడా ఏమీ లేదు. వెతగ్గా వెతగ్గా సహాయం అనే గదిలో, ఇతర విషయాలు అనే మూల, బూడిద రంగులో చిన్న అక్షరాలు కనిపించాయి. నొక్కితే, వెళ్ళిపోతున్నారా అని ఏడుపు బొమ్మ వచ్చింది. మళ్ళీ నొక్కితే సగం ధరకు ఉండమంది. ఇంకోసారి నొక్కితే కారణం రాయమంది. 'నాయిక నీళ్ళలో ఉంది' అని రాశాను. ధన్యవాదాలు చెప్పి మళ్ళీ మొదటి పేజీకి తీసుకొచ్చి దింపింది. విసుగొచ్చి యాప్‌నే ఫోనులోంచి పీకి పారేశాను. గిన్నె బోర్లించానన్న తృప్తితో హాయిగా ఉన్నాను. మర్నాడే చందా డబ్బు కట్ అయినట్టు మెసేజీ వచ్చింది.

షెడ్డులోనే కస్టమర్ కేర్‌కు ఫోన్ చేసి స్పీకర్లో పెట్టాను. అందరూ వింటున్నారు. ఒక అమ్మాయి తేనె పూసిన గొంతుతో మొదలుపెట్టింది.

"మేడమ్, మీరు మా కుటుంబాన్ని విడిచి వెళ్ళాలనుకోవడం మాకు ఎంతో బాధగా ఉంది. కారణం తెలుసుకోవచ్చా మేడమ్?"

"కథ మధ్యలో ఆపేసినారండి. చందా తీసేయండి."

"తప్పకుండా మేడమ్. దానికి ముందు మీ కోసం ఒక ప్రత్యేకమైన ఆఫర్ ఉంది మేడమ్..."

పెద్దమ్మ ఫోను దగ్గరికి వంగింది. "అమ్మణ్ణీ, ఆఫరు సంగతి తర్వాత. ఉప్పు గోదాములో ఆ పిల్ల బతికిందా, పోయిందా? అది చెప్పు చాలు."

"సారీ మేడమ్, ఆ సమాచారం నా దగ్గర లేదు మేడమ్."

"పాపం, ఈ పిల్లకీ బంగారు చందా లేనట్టుండాదే" అంది చర్చి అక్క. అందరూ నవ్వుతుండగా యాప్ తెరిచి రద్దు చేసుకోండి మేడమ్ అని చెప్పి ఆ అమ్మాయి ఫోన్ పెట్టేసింది.

"యాప్ లేదు, పీకేసినా" అన్నాను నేను ఏడుపు మొహంతో. "గిన్నె బోర్లించినాక కూడా పాలు పోస్తుంటే ఏం చేయాల పెద్దమ్మా?"

"నువ్వు బోర్లించింది నీ గిన్నె కాదేమో చూసుకో. వాళ్ళ యాప్ పీకితే వాళ్ళ క్యాను పారేసినట్టు. మనం గిన్నె బోర్లించేది మన అరుగు మీద గదా, పాలోడింటికి పోయి బోర్లిస్తామా?" అని ఎకసెక్కంగా అని, మళ్ళీ రొయ్యల్లో పడింది.

ఆమె నన్ను ఆటపట్టించడానికే అంది. నాకు మాత్రం ఆ మాట బుర్రలో దిగబడిపోయింది. నా అరుగు ఏది? డబ్బు ఎక్కడి నుంచి పోతుందో అదే కదా నా అరుగు. పని అవగానే సిగ్గు విడిచి గ్రంథాలయానికి పరిగెత్తాను. పేపర్ల గదిలో పాత దినపత్రికల వినియోగదారుల పేజీలు తిరగేస్తూ కూర్చున్నాను. (ఫోనులో వెతకొచ్చు కదా అని మీరంటారు. ఫోనుకూ నాకూ అప్పుడు మాటల్లేవు.) దొరికింది. డబ్బులు పంపే యాప్‌లో ఆటోపే అని ఒక చోటు ఉంటుందట, ఎవరెవరికి నెలనెలా తీసుకోమని మనం ఒప్పుకున్నామో అక్కడ కనబడుతుందట, అక్కడే రద్దు చేసుకోవచ్చట. ఆ బల్ల దగ్గరే తెరిచి చూశాను. ఉంది. నా అరుగు, దాని మీద నా గిన్నె. రద్దు నొక్కి, పిన్ను కొట్టాను. ఎందుకని అది నన్నడగలేదు. ఏడుపు బొమ్మ రాలేదు. పేపరు చదువుతున్న పెద్దలందరూ తలెత్తి చూసేంత గట్టిగా నేను బల్ల మీద ఒక్కటి చరిచాను.

లైబ్రరీ సారు వచ్చి విషయం విని, "లక్ష పుస్తకాలూ అయిపోయినాయా అమ్మా?" అన్నారు. తలొంచుకుని, నా కార్డు ఉందా, తీసేశారా అని అడిగాను. "ఎందుకు తీసేస్తాం? నువ్వు రాలేదని నీ దగ్గర లాక్కునేది ఏముంది ఇక్కడ? నువ్వు పూర్తిగా మానేస్తానంటే కట్టిన డిపాజిట్ తిరిగిచ్చే కొట్టు ఇదొక్కటే" అన్నారు. ఆ నవల పేరు చెప్పాను. అది మూడో బీరువాలో ఎప్పటినుంచో ఉందట. నేను రెండో బీరువా దగ్గర ఉండగా యాప్‌లో చేరాను. అదీ నా అదృష్టం. తీరా వెళ్ళి చూస్తే ఆ చోటు ఖాళీగా ఉంది. "కొత్తగా చేరినాయన ఒకడు మొన్ననే తీసుకుపోయినాడు. ఆ ఒక్క పుస్తకం కోసమే సభ్యత్వం తీసుకున్నట్టుండాడు" అన్నారు సారు. ఎవరని అడిగితే, పాఠకుల పేర్లు చెప్పకూడదని చిరునవ్వు నవ్వారు.

శనివారం వచ్చింది. చేతిలో పుస్తకం లేదు, ఫోనులో కథ లేదు. పాటల మేస్త్రి స్పీకరు తుడిచి సిద్ధంగా పెట్టుకున్నాడు. బల్ల దగ్గర అందరూ చివరిసారిగా ఆ పిల్ల గురించే మాట్లాడుకుంటున్నారు.

"పోయే ఉంటది, పాపం" అంది పెద్దమ్మ. "తలుపుకి తాళమేసినాక యాడికి పోద్ది?"

"ప్రభువు తోడుంటే తాళాలు ఒక లెక్కా" అంది చర్చి అక్క.

"అట్టా కాదులే. గోడ పైన గాలికోసం కిటికీ ఉండాది గదా, నీళ్ళు పెరిగేకొద్దీ ఈదుకుంటా పైకి తేలి అందులోంచి దూరి బయటికొచ్చింది" అన్నాడు పాటల మేస్త్రి.

బల్లకు అటూ ఇటూ ఉన్న చేతులన్నీ ఆగిపోయాయి. మా షెడ్డులో చేతులు ఆగడం అంతకుముందు నేనెప్పుడూ చూడలేదు. మేస్త్రి ముందు మమ్మల్ని కసరబోయాడు, తర్వాత తాను ఏమన్నాడో తనకే అర్థమైంది.

"ఆ కిటికీ సంగతి నీకెట్టా తెలుసు మేస్త్రీ?" అంది పెద్దమ్మ మెల్లగా.

ఆయన ఐసు వైపు చూశాడు, గేటు వైపు చూశాడు, స్పీకరు వైపు మాత్రం చూడలేదు. నేను తిన్నగా స్పీకరు డబ్బా దగ్గరికి నడిచి దాన్ని ఎత్తాను. దాని కింద, తడి తగలకుండా ప్లాస్టిక్ సంచిలో చుట్టి, లైబ్రరీ ముద్రతో ఆ నవల ఉంది. పైకి పాటల కోసం పందెం కట్టినాయన, ఉండబట్టలేక ఊరంతా దాటి వెళ్ళి సభ్యత్వం తీసుకున్నాడన్నమాట.

"ఎన్నాళ్ళని ఆగేది?" అన్నాడు ఆయన గొణుగుతూ. "ఆ పిల్ల నీళ్ళలో ఉంటే నాకు అన్నం దిగలా."

షెడ్డంతా నవ్వులతో ఊగిపోయింది. స్పీకరు పక్కకు జరిగింది. నేను ఆ డబ్బా ఎక్కి కూర్చుని (అవును, స్పీకరు మీదే) చేతులు తుడుచుకుని, నీళ్ళు మెడ దాకా వచ్చిన చోటు నుంచి చదవడం మొదలుపెట్టాను. ముగింపు తెలిసిన మేస్త్రి కూడా గేటు దగ్గరి పని మానుకుని వచ్చి నిలబడ్డాడు. నాయిక కిటికీలోంచి తల బయటపెట్టినప్పుడు పెద్దమ్మ తడి చేత్తోనే కళ్ళు తుడుచుకుని, ఉప్పు మంటకు చాలాసేపు ఏడ్చింది.

నేను చదువుతుంటే నా కూలి పోతుంది కదా. దానికి ఉపాయం కూడా పెద్దమ్మదే. చదివినంతసేపూ ఒక్కొక్కరూ తాము తలలు తీసిన రొయ్యల్లోంచి ఒక గుప్పెడు నా టబ్బులో వేయాలి. కథ నచ్చితే వేస్తారు, నచ్చకపోతే వేయరు. ఆ తర్వాత చాలాకాలం మా షెడ్డులో చందా అంటే అదే. ఒకసారి హోమియో వైద్యం మీద ఒక పుస్తకం ఉత్సాహంగా మొదలుపెట్టాను. కొంతసేపటికి చప్పుడు లేకుండా పెద్దమ్మ వచ్చి, ఉన్న కాసిని రొయ్యలూ పక్కకు తీసి, నా టబ్బును నేల మీద బోర్లించి పోయింది. పుస్తకం మూసేశాను. ఎందుకని నేనూ అడగలేదు.

ఇప్పుడు ఆ షెడ్డులో లేను. ఫోనులో ఎన్నో వస్తుంటాయి, మొదటి నెల ఉచితం అంటూ పెద్ద పెద్ద ఎర్ర బటన్లతో. వేలు అక్కడిదాకా వెళ్తుంది కూడా. అప్పుడు స్పీకరు డబ్బా ఎక్కి, రొయ్యల వాసన కొట్టే చేతులతో, ప్రపంచాన్ని గెలిచినదానిలా పేజీలు తిప్పుతున్న పిల్ల కనబడుతుంది. మూడో బీరువా కూడా దాటని ఆ పిల్లకు అంత గర్వం ఎక్కడిదో అనుకుని నవ్వుకుంటాను, కొంచెం అసూయపడతాను. మొన్న సంతలో పెద్దమ్మ కనబడి, నా చేయి పట్టుకుని పక్కకు లాగి అడిగింది: "పాపా, ఆ పిల్ల బయటికొచ్చి శానా కాలమైంది గానీ, మళ్ళీ ఎవుర్ని దింపతావు నీళ్ళలోకి?"