బేరం కుదరని మోడెం

మా వదిన పన్నెండో తరగతి తప్పిన సంగతి ఆమెకంటే ముందు మా గల్లీకి తెలిసింది. అప్పట్లో పరీక్షా ఫలితాలు కొత్తగా ఇంటర్నెట్‌లో పెడుతున్నారు. మా నాందేడ్‌లో ఇంటర్నెట్ ఉన్న ఇళ్ళు చాలా తక్కువ కాబట్టి అందరం గల్లీ మొదట్లో ఉన్న నెట్ కేఫ్‌కు వెళ్ళి, చీటీ మీద నంబరు రాసి ఇచ్చేవాళ్ళం. కేఫ్ నడిపేవాడు మంచివాడే, కానీ అతని గొంతు పెద్దది, మనసు ఇంకా పెద్దది. ఎవరి ఫలితాన్నైనా సొంత చెల్లెలి ఫలితంలా పైకి చదివేవాడు. మా అన్న చీటీ ఇచ్చి, అడ్డంగా పెట్టిన స్కూటర్ పక్కకు జరిపి వచ్చేలోపే, మరాఠీ, ఇంగ్లీషు రెండూ పోయాయని పాన్ డబ్బా దగ్గర నిలబడ్డవాళ్ళకు తెలిసిపోయింది.

వదిన అప్పుడే కూరగాయల సంచీతో ఎదురు వస్తోంది. బట్టల దుకాణం ముసలాయన ఆమెను ఆపి, ఫరవాలేదమ్మా, వచ్చే ఏడాది చూద్దువుగానీ అని ఓదార్చాడట. ఎందుకు ఓదారుస్తున్నాడో తెలియక ఆమె ఆయనను చూసి నవ్విందట. తప్పినందుకు ఆమె రెండు రోజులు ఏడ్చి ఊరుకుంది. అలా నవ్వినందుకు మాత్రం ఏడాదంతా బాధపడింది.

వదినది బోధన్ దగ్గర ఊరు. పదో తరగతి దాకా తెలుగులో చదువుకుని పెళ్ళయి మా ఇంటికి వచ్చింది. మా ఇంట్లో తిండి తెలుగులో, తిట్లు దక్కనీలో, ఆఫీసు కాగితాలన్నీ మరాఠీలో నడుస్తాయి. ఆమె రొట్టెలు చేస్తూ చేస్తూనే మరాఠీ చదవడం నేర్చుకుని, ప్రైవేటుగా ఫారం నింపి పరీక్షకు కూర్చుంది. మరుసటి ఏడాది మళ్ళీ పరీక్ష రాసి వచ్చాక నన్ను వంటింట్లోకి పిలిచింది.

"ఈసారి రిజల్ట్ నేనే చూసుకోవాలె పిల్లా. పాసైనా ఫేలైనా మొదలు నాకే తెల్వాలె. నీ కంప్యూటర్‌ల అయితదా?"

ఎందుకు కాదు అన్నాను. నాకప్పుడు ఇరవై ఏళ్ళు. పాలిటెక్నిక్ చివరి సంవత్సరం. కాదు అనే మాట నా నోట రావడం అరుదు, దానివల్ల ఇంట్లోవాళ్ళు పడ్డ తిప్పలు అంత అరుదు కాదు.

మా నాన్నను బాపు అంటాం. ఆ కంప్యూటర్ కోసం ఆయన వెంట ఆరు నెలలు పడ్డాను. మోంఢాలో, అంటే ధాన్యం బజారులో, ఆయనది రైతుల సరుకు కమీషన్ మీద అమ్మిపెట్టే అడ్తి దుకాణం. కింద దుకాణం, పైన ఇల్లు. కంప్యూటర్ వచ్చిన వారానికి కాలేజీలో ఒక సార్, డబ్బు కట్టకుండా ఎవరైనా వాడుకోగల లైనక్స్ గురించి ఉపన్యాసం ఇచ్చాడు. దొంగ సీడీలతో విండోస్ వాడటం ఎంత నీచమో ఆయన చెబుతుంటే నా చెవులు ఎర్రబడ్డాయి. ఇంటికి రాగానే, దుకాణం అతను వేసిచ్చిన విండోస్ మొత్తం తుడిచేసి, కాలేజీ నుంచి తెచ్చిన మూడు సీడీలతో లైనక్స్ వేశాను. తెర బాగుంది, బొమ్మలు బాగున్నాయి, పాటలు వచ్చాయి. ఇంటర్నెట్ రాలేదు. లోపల ఫోన్ తీగ మీదుగా ఇంటర్నెట్ తెచ్చే మోడెం ఉన్న సంగతే లైనక్స్‌కు తెలియలేదు.

కంప్యూటర్ అమ్మినవాడి దగ్గరికి వెళితే, విండోస్ వేసుకో తాయీ, పొద్దున వేస్తే మధ్యాహ్నానికి ఇంటర్నెట్ వస్తుంది అన్నాడు. నేను ధర్మయుద్ధంలో ఉన్నదాన్ని, అలాంటి మాటలు వింటానా. అతని మీద జాలిపడి తిరిగొచ్చాను. తర్వాత తెలిసిందేమిటంటే, అతను నాకు అంటగట్టింది సాఫ్ట్‌వేర్ మోడెం. దాంట్లో టెలిఫోన్ తీగ దూర్చడానికి ఒక కన్నం, నాలుగు చిప్పులు తప్ప ఏమీ ఉండవు. మోడెం చేయవలసిన పనంతా కంప్యూటర్ చేసిపెట్టాలి. ఎలా చేయాలో చెప్పే డ్రైవర్‌ను విండోస్‌కు మాత్రమే రాసి ఇచ్చారు. అత్తగారింటికి వచ్చిన కొత్త అల్లుడిలా అది కూర్చుంటే, చుట్టూ తిరిగి సేవలు చేయవలసింది మిగతావాళ్ళు.

ఎక్కడో దూరదేశాల్లో నాలాంటి మొండివాళ్ళు కొందరు కలిసి ఆ చిప్పుకు లైనక్స్ డ్రైవర్ రాశారని కాలేజీలో విన్నాను. అది ఎక్కడ దొరుకుతుంది? ఇంటర్నెట్‌లో. ఇంటర్నెట్ కావాలంటే డ్రైవర్ ఉండాలి, డ్రైవర్ కావాలంటే ఇంటర్నెట్ ఉండాలి. చివరికి ఏ కేఫ్ బెడద తప్పించమని వదిన నన్ను అడిగిందో ఆ కేఫ్‌కే వెళ్ళాను. డ్రైవర్ ఒక ఫ్లాపీలో పట్టలేదు. రెండు ముక్కలు చేసి రెండు ఫ్లాపీల్లో తెస్తే ఇంటికొచ్చాక రెండోది తెరుచుకోలేదు. మళ్ళీ వెళ్ళాను. వెళ్ళిన ప్రతిసారీ కేఫ్ అతను, ఇంటికి ఇంటర్నెట్ వచ్చిందటగా అని మరాఠీలో నవ్వుతూ అడిగేవాడు. వచ్చేసినట్టే అని నేనూ నవ్వేదాన్ని.

ఆ డ్రైవర్‌ను మన కంప్యూటర్ మీద మనమే తయారు చేసుకోవాలి. ఒక ఆజ్ఞ ఇస్తే తెర నిండా అక్షరాలు పరిగెత్తి, చివర ఎర్రర్ అని ఆగిపోయేవి. దానికి కావలసిన ఫైళ్ళు మూడో సీడీలో ఉన్నాయి, మూడో సీడీ మీద గీతలు ఉన్నాయి. ఇంకొకరి సీడీ తెచ్చి ఆ గండం దాటేసరికి మూడు వారాలు పోయాయి. మోడెం కనిపించింది. ఇంటర్నెట్ కంపెనీ నంబరు తిప్పమంటే మాత్రం డయల్ టోన్ లేదు అంది. బాపు ఫోన్ ఎత్తితే గుయ్‌మని ఇల్లంతా వినిపించే టోన్ దానికి వినిపించలేదు. టోన్ కోసం చూడకుండానే తిప్పు అని దానికి చెప్పే చిన్న ఆజ్ఞ ఒకటుందని తెలుసుకోవడానికి మళ్ళీ కేఫ్‌కు వెళ్ళవలసి వచ్చింది.

అప్పటికి పేపర్లో ఫలితాల తేదీ వచ్చేసింది. సరిగ్గా వారం ఉంది. వదిన నన్నేమీ అడగలేదు. రోజూ నా గది తుడిచేటప్పుడు మాత్రం కంప్యూటర్‌ను రెండుసార్లు తుడిచేది. అడిగి ఉంటే ఏదో ఒకటి దబాయించి ఉండేదాన్ని. అడగకపోవడంతో నాకు తిండి సహించలేదు.

ఇప్పుడు మోడెం నంబరు తిప్పుతోంది. అవతల ఎత్తుతున్నారు. కీ మని ఒక కూత, బుస్సుమని ఒక రొద, మళ్ళీ కూత, అంతలో కట్. ప్రతిసారీ అదే. నాకు దోషి వెంటనే దొరికాడు. మా ఇంట్లో లైను ఒకటే, ఫోన్లు రెండు. పైన ఇంట్లో ఒకటి, కింద బాపు గద్దె పక్కన ఒకటి. ధర్మాబాద్ మోంఢాలో ధర తెలుసుకోవడానికి ఆయన అరగంటకోసారి ఫోన్ ఎత్తుతాడు, ఎత్తగానే నా లైను తెగుతుంది. కిందికి దిగి గిరాకీల ముందే ఆయనను దులిపేశాను. మధ్యాహ్నం గంటసేపు ఫోన్ ముట్టవద్దని ఆంక్ష పెట్టాను. ఆయన నన్ను ఎగాదిగా చూసి సరే అన్నాడు. ఆ నాలుగు రోజులూ ఆ గంటలో ధర కావలసి వస్తే పక్క దుకాణానికి నడిచి వెళ్ళి ఫోన్ చేసుకున్నాడని నాకు తర్వాత తెలిసింది.

ఆయన ముట్టకపోయినా లైను తెగుతూనే ఉంది. దుకాణం సద్దుమణిగిన ఆ గంటలో, ఫోన్ పని లేనప్పుడు బాపు పైకి వచ్చి, నా గది బయట చాప వేసుకుని నడుం వాల్చేవాడు. నాలుగో రోజు ఐదోసారి కూడా తెగాక నేను బల్లను గుద్దాను. కళ్ళు మూసుకునే ఆయన మాట్లాడాడు.

"అవి బేరమాడుతున్నయి గదనే."

ఏ బేరం అన్నాను విసుగ్గా.

"మొదలు పలకరిచ్చుకున్నయి. ఎన్క నీది ఏందో అడిగింది, అటుదిక్కోడు గునిగిండు. ఇది మల్ల గదే అడిగింది. వాడు చెయ్యి గుంజుకున్నడు. నాలుగొద్దుల సంది ఇంటున్న, రోజు గాడనే తెగుతున్నది. ఎక్కువ అడుగుతున్నవు బిడ్డా. జర తగ్గు."

బాపు చిన్నప్పటి ధర్మాబాద్ మోంఢాలో ధర నోటితో చెప్పేవారు కాదు. కొనేవాడూ అమ్మేవాడూ చేతులు కలిపి పైన దస్తీ గుడ్డ కప్పుకుని, లోపల వేళ్ళు నొక్కి ధర చెప్పుకునేవారు. చుట్టూ ఎంతమంది నిలబడినా ధర ఆ ఇద్దరికే తెలుస్తుంది. లోపలి వేళ్ళు కనిపించకపోయినా, పక్కన నిలబడి మొహాలు చూస్తూ బేరం ఎక్కడ చెడిందో పసిగట్టడంలో బాపు దిట్ట. ఆ విద్యను నా మోడెం మీద ప్రయోగించాడని నాకు నవ్వొచ్చింది. మోడెం అంటే ఏమిటో, ప్రోటోకాల్ అంటే ఏమిటో ఐదు నిమిషాలు వివరించాను. ఆయన గోడవైపు తిరిగి పడుకున్నాడు.

ఆయన పడుకున్నాక డ్రైవర్‌తో వచ్చిన సూచనల ఫైలు మళ్ళీ తెరిచాను. చివర్లో, లైను బాగాలేని చోట రెండు వైపులా వేగం కుదరక తెగిపోతుంది, అడిగే వేగం తగ్గించి చూడండి అని ఉంది. అది మొదటి రోజు నుంచీ అక్కడే ఉంది. పల్లెటూళ్ళవాళ్ళ కోసం రాశారులే అని దాటేశాను. సగానికి తగ్గించాను, తెగింది. సగంలో సగానికి తగ్గించాను. కూత, రొద, మళ్ళీ కూత, ఆ తర్వాత ఏ చప్పుడూ లేదు. తెర మీద కలిసింది అన్న మాట వచ్చింది.

"గిప్పుడు కుదిరింది," అన్నాడు బాపు గోడవైపు తిరిగే.

నేను క్షమాపణ చెప్పలేదు. ఫైల్లో కూడా అదే రాసి ఉంది అని మాత్రం అన్నాను. ఆ వయసులో అదే నాకు చేతనైన మర్యాద.

ఫలితాల రోజు బాపు తన దస్తీ తీసి దుకాణం ఫోన్‌కు ముడివేశాడు, అలవాటు కొద్దీ ఎవరూ ఎత్తకుండా. మధ్యాహ్నం నేను మోడెం కలిపాను. ఫలితాల పేజీ పైనుంచి కిందికి, ఒక్కో వరుసా ఆలోచించుకుంటూ వచ్చింది. వదినకు తన నంబరు ఎక్కడ కొట్టాలో, తర్వాత ఎక్కడ నొక్కాలో, అయిపోయాక లైను ఎలా తెంపాలో ముందురోజే నేర్పాను. ఆమె కొంగుతో చేతులు తుడుచుకుని కుర్చీలో కూర్చుని నావైపు చూసింది.

"నువ్వు కిందికి పో పిల్లా."

నాకు రోషం వచ్చింది. నెలన్నర కష్టం నాది, మోడెం నాది, లైనక్స్ నాది, తెర మీద ఏమొస్తుందో నేను చూడకూడదా? కానీ ఆమె హాల్‌టికెట్‌ను ఒళ్ళో బోర్లించి, నేను కదిలేదాకా ఆగింది. మెట్లు దిగిపోయాను.

కింద అన్న, అవసరం లేకపోయినా ఒక బస్తాను రెండోసారి తూకం వేస్తున్నాడు. బాపు గద్దె మీద కూర్చుని పేపర్ చదువుతున్నాడు, పేజీ మాత్రం తిప్పడం లేదు. పది నిమిషాలకు దస్తీలోని ఫోన్ టింగ్ మంది. పైన లైను తెంపిందన్నమాట. వెంటనే మళ్ళీ చిన్నగా టింగ్ టింగ్ మని కొట్టుకోవడం మొదలుపెట్టింది. పైన నంబరు తిప్పితే కింద ఫోన్ అలా పలుకుతుంది. బోధన్‌కు, వాళ్ళమ్మకు చేస్తోంది. కింద రిసీవర్ ఎత్తితే చాలు, అంతా వినిపిస్తుంది. నేను దస్తీ ముడి మీద చెయ్యి వేశాను. బాపు నా మణికట్టు పట్టుకున్నాడు.

"ఇడువు. గది ఆమె ముచ్చట."

ఐదు నిమిషాలకు వదిన మెట్లు దిగి దుకాణంలోకి వచ్చింది. మోంఢా నడిచే వేళ ఇంటి కోడళ్ళు దుకాణంలోకి రారు. ఇద్దరు రైతులు, నలుగురు హమాలీలు తలతిప్పి చూశారు. ఆమె మొహం కడుక్కుని, బొట్టు దిద్దుకుని వచ్చింది. వెనక బస్తాల దగ్గరున్నవాళ్ళకూ వినబడేటంత గొంతుతో చెప్పింది.

"మామా, మరాఠీ పాసైన. ఇంగ్లీషు పోయింది. అక్టోబర్‌ల మల్ల రాస్త."

అన్న చేతిలో తూకం గొలుసు ఆగిపోయింది. బాపు పేపర్ మడిచి, మరాఠీలో ఎన్ని వచ్చాయని అడిగాడు. నలభై ఒకటి అని చెప్పింది. మంచిగనే అచ్చినయి అని, అక్కడున్న అందరికీ చాయ్ తెమ్మని ఒక హమాలీని పంపాడు.

నేను శెనగల బస్తాల వెనక్కి వెళ్ళి ఏడ్చాను. ఇంత చేసి నేను ఇంటికి తెచ్చింది ఇంగ్లీషు తప్పిన వార్తనా అనిపించింది. వదిన వెతుక్కుంటూ వచ్చి, తన కొంగుతో నా మొహం తుడిచింది.

"నువ్వెందుకు ఏడుస్తున్నవే? పోయినసారి మంది చెప్తే నేనిన్న. ఇయ్యాల నేను చెప్పిన, మంది ఇన్నరు."